మీరు అడిగారు: విశాఖ తీరాన ఏ వేళకు ఎక్కడ ఉండాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా విశాఖపట్నం ప్రయాణం గురించే ఉన్నాయి. సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయి కదా! ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబు రాస్తున్నాను. ఈ శీర్షికను కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక మాట. నేను భీమిలిలో పుట్టాను. విశాఖలో ప్రభుత్వ పాఠశాలల్లో భూగోళం చెప్పి, ఉద్యోగ విరమణ తరువాత పెదవాల్తేరులో ఉంటున్నాను. ఈ తీరం గురించి రాయడమంటే నాకు ఎంతో ఇష్టం.

ప్రశ్న: జనవరిలో మూడు రోజులు విశాఖ వస్తున్నాం. మా అత్తగారికి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పిల్లలిద్దరూ పదేళ్ళలోపువాళ్ళు. ఇంటర్నెట్‌లో చూస్తే ఇరవై చోట్ల పేర్లు వస్తున్నాయి. ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?
– ఎస్. ఆర్., కరీంనగర్

ఎస్. ఆర్. గారూ, ఇరవై చోట్లు మూడు రోజుల్లో చుట్టేస్తే చివరికి గుర్తుండేది కారు ప్రయాణమే. మీకు ఐదారు చోట్లు చాలు. ఈ తీరంలో ప్రతి చోటికీ ఒక వేళ ఉంది. ఆ వేళ దాటిపోతే ఎంత అందమైన చోటయినా ఎండలో మెరిసే ఇసుకే. అందుకే వేళల ప్రకారం చెబుతాను.

మొదటి రోజు తెల్లవారుజామున ఆర్.కే. (రామకృష్ణా) బీచ్‌కు వెళ్ళండి. జనవరి మధ్యలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఆరింటికల్లా ఒడ్డున ఉంటే చాలు. ఉదయం పూట బీచ్ రోడ్డులో కొంత భాగం వాహనాలు రాకుండా మూసేస్తారు. మీ అత్తగారు చదునైన రోడ్డు మీద నిదానంగా నడవవచ్చు, అలసిపోతే సముద్రానికి ఎదురుగా కూర్చోవచ్చు. చీకటి విడకముందు నీటి మీద దూరంగా వేట పడవల దీపాలు కనిపిస్తాయి. వెలుగు వచ్చేకొద్దీ దీపాలు మాసిపోయి పడవలు నల్లటి చుక్కలుగా తేలతాయి. ఆ పావుగంట ఫోన్లు జేబులోనే ఉంచండి.

పిల్లలకు ఒక పని అప్పగించండి. అల వెనక్కి తీసినచోట తడి ఇసుక మీద నల్లటి చారలుంటాయి, వాటి అంచున ముదురు ఎరుపు పొడి ఉంటుంది. ఆ నలుపులో ఎక్కువ భాగం ఇల్మనైట్ అనే ఖనిజం, ఎరుపు గార్నెట్ అనే ఖనిజం. తూర్పు కనుమల రాళ్ళు వేల ఏళ్ళుగా అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో చేరాయి. తేలిక ఇసుకను అల లాక్కుపోతుంది, బరువైన రేణువులు ఒడ్డున మిగులుతాయి. ఒక చిన్న అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి, ఎండిన నల్ల ఇసుకలో తిప్పమనండి. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు ముళ్ళు ముళ్ళుగా నిలబడి అంటుకుంటాయి. పాఠం చెప్పేటప్పుడు తరగతి గదిలో నిద్రపోయే పిల్లలు కూడా ఇక్కడికి తీసుకొస్తే గంటసేపు ఆ ఇసుక దగ్గర నుంచి కదిలేవారు కాదు.

అదే రోడ్డు మీద కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో పనిచేసి, 2001లో విరమించింది. మరుసటి ఏడాది దాన్ని ఒడ్డుకు లాగి ప్రదర్శనశాలగా మార్చారు. తొంభై మీటర్లకు పైగా పొడవున్నా లోపల మాత్రం ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి ద్వారంలోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. పిల్లలకు అదొక అద్భుతం. మోకాళ్ళ నొప్పులున్నవారికి వద్దు. మీ అత్తగారికి తోడుగా ఒకరు బయట ఉండండి. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు కాబట్టి ఉదయం వెళ్ళి గేటు దగ్గర నిలబడకండి.

ఆ రోజే సాయంత్రం కైలాసగిరి. నాలుగు గంటలకు ముందే కొండ మీద ఉండాలి. కింద నుంచి రోప్‌వే ఉంది, రోడ్డు మార్గమూ ఉంది. మెట్ల జోలికి పోవద్దు. శివపార్వతుల విగ్రహాల దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు, మీరూ దిగండి. కానీ అసలు దృశ్యం అంచుల్లో ఉంది. దక్షిణం వైపు నిలబడితే బీచ్ రోడ్డు వంపు తిరిగి వెళ్ళి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఆగడం కనిపిస్తుంది. ఉత్తరం వైపు జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, ఆ వెనుక రుషికొండ. ఈ రెండు వైపులా చూస్తే ఈ ఊరు కొండలకూ నీటికీ మధ్య ఎలా ఇమిడిందో పటం లేకుండానే అర్థమవుతుంది. కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు పిల్లలకే కాదు, నడవలేని పెద్దలకు కూడా ఉపయోగం. ఐదున్నర దాటాక పొద్దు గుంకుతుంది. అప్పుడే దిగిపోకండి. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలిగి ఒడ్డు అంచు మొత్తం తేలేదాకా ఉండండి.

రెండో రోజు ఉత్తరం దారి పట్టండి. ముందు తొట్లకొండ. ఎనిమిది గంటలకల్లా పైన ఉంటే ఎండ బాధ ఉండదు. కారు కొండ మీదికి వెళుతుంది. తీరంలోని కొండలన్నిటిలో నాకు ప్రాణప్రదమైనది ఇదే. 1970లలో నౌకాదళం విమానాల నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఇక్కడి బౌద్ధ విహారాల శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు వెలుగుచూశాయి. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. నాణేల మాట చెప్పి, పిల్లలను సముద్రం వైపు తిప్పి నిలబెట్టండి. ఆ నీటి దారినే ఓడలు వచ్చాయి, వర్తకులు వచ్చారు, వాళ్ళ దానాలతో ఈ విహారాలు నిలిచాయి. రెండు వేల ఏళ్ళ కిందటి భిక్షువు ఇదే చోట కూర్చుని ఇదే నీటిని చూశాడన్న మాట పిల్లలకు చెప్పి చూడండి, వాళ్ళంతట వాళ్ళే గొంతు తగ్గిస్తారు. గట్టిగా పాటలు పెట్టుకుని పైకి వచ్చే బృందాలు ఇక్కడ కూడా ఉంటాయి. దయచేసి మీరు వాళ్ళలో కలవకండి.

కొండ దిగితే మంగమారిపేట. అక్కడ ఒడ్డున సముద్రం తొలిచిన సహజ శిలా తోరణం ఉంది. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, దాని దగ్గరకు వెళ్ళవచ్చు. అమావాస్య, పౌర్ణముల దగ్గర నీరు మరింత వెనక్కి పోతుంది. పాటు వేళ రోజుకు ముప్పావుగంటకు పైగా ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న వెళ్ళినవారు చెప్పిన సమయం ఈ రోజుకు పనికిరాదు. రాళ్ళ మీద నాచు జారుతుంది, మీ అత్తగారు రోడ్డు పక్కనే ఉండటం మంచిది.

అదృష్టం బాగుంటే అక్కడ పెద్ద వల లాగడం చూస్తారు. పడవలో వలను అర్ధచంద్రాకారంగా వదిలి, రెండు కొసలూ ఒడ్డుకు తెస్తారు. రెండు వరసల మనుషులు తాడును నడుముకు ఆనించి, మడమలు ఇసుకలో తన్నిపట్టి, పాట అందుకుని వెనక్కి అడుగులేస్తారు. చివరన ఉన్నవాడు తాడు వదిలి ముందుకు పరుగెత్తి మళ్ళీ పట్టుకుంటాడు. గంట, గంటన్నర సాగుతుంది. చివరికి వల సంచి ఒడ్డున పడేసరికి వెండి రంగు చిన్న చేపలు, ఒకటీ అరా పీతలు, కొన్నిసార్లు జెల్లీ చేపలు. అంత శ్రమకు ఒక్కోసారి రెండు బుట్టలు కూడా నిండవు. ఫొటో తీసేముందు అడగండి. చేపలు కొనేవారయితే అక్కడే కొనండి, బేరమాడకండి.

అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. వాటి గురించి కింద వేరే జవాబుల్లో రాశాను. మూడో రోజు పాతపట్నం, అంటే విశాఖలోని పాత ఊరు, రేవు చాలు. అరకు మాత్రం ఈ మూడు రోజుల్లో ఇరికించకండి. అరకు వేరే ప్రయాణం. పొద్దున్నే వెళ్ళి రాత్రికి తిరిగొచ్చే ఆ పరుగులో పెద్దవారి ఒళ్ళు హూనమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. స్నేహితులతో కలిసి యారాడ బీచ్‌కు వెళతానంటున్నాడు. వాడికి బావిలోనూ కాలువలోనూ ఈత బాగా వచ్చు. నాకెందుకో భయంగా ఉంది. పంపమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

అమ్మా, పంపండి. పంపేముందు ఈ జవాబు వాడి చేత చదివించండి. వీలైతే వాడి స్నేహితులకూ వినిపించండి.

యారాడ నిజంగా అందమైన చోటు. మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం. నగరం నుంచి సుమారు పదిహేను కిలోమీటర్లు. సింధియా కూడలి దాటాక రోడ్డు కొండెక్కుతుంది. మలుపులు తిరుగుతూ పైకి వచ్చాక ఒక్కసారిగా ఎడమా కుడీ పచ్చటి లోయ, కొబ్బరి తోటలు, వాటి అవతల బంగారు రంగు ఇసుక, నీలి నీరు కనిపిస్తాయి. నన్నడిగితే యారాడలో చూడవలసిన మొదటి దృశ్యం అక్కడి నుంచే. బండి పక్కకు తీసి, మలుపులో కాకుండా వెడల్పు ఉన్నచోట ఆపి చూడమనండి.

నీటిలో దిగడం మాత్రం వద్దు. ఈ మాట మర్యాదకు చెప్పడం లేదు. యారాడలోనూ, ఆర్.కే. బీచ్‌లోనూ విహారానికి వచ్చిన కుర్రవాళ్ళు మునిగిపోయిన వార్తలు ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉంటారు. బావిలో నీరు ఉన్నచోటే ఉంటుంది. కాలువలో నీరు ఒకే దిక్కుకు పోతుంది. సముద్రం తీరు వేరు.

ఒడ్డున నిలబడి పది నిమిషాలు అలలను చూడమనండి. అలలు వరసగా తెల్లగా విరుగుతుంటాయి. మధ్యలో ఒకచోట మాత్రం అల విరగదు. అక్కడ నీరు కాస్త ముదురు రంగులో, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. నురగ, ఇసుక కలిసిన నీరు అక్కడి నుంచి లోపలికి జారిపోతుంటుంది. కొత్తవాళ్ళు అదే మెత్తని చోటనుకుని అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిపడిన నీరంతా తిరిగి వెళ్ళే పాయ అదే. ఒక్కోసారి దాని వేగం సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఆ వేగానికి పోటీ ఈతగాళ్ళు కూడా ఎదురీదలేరు. మనిషి నీటి కిందకు లాగబడి చనిపోడు, ఒడ్డు వైపు ఎదురీదీ ఈదీ సత్తువ అయిపోయి చనిపోతాడు.

ఒకవేళ చిక్కుకుంటే ఎదురీదకూడదు. వెల్లకిలా తేలి, చేయి ఎత్తి, కేక వేయాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ సాధారణంగా వెడల్పుగా ఉండదు. దాటగానే అలలు విరిగే చోటికి వస్తాడు, అప్పుడు ఆ అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్న స్నేహితుడు వెంటనే దూకకూడదు. ఇలాంటి ప్రమాదాల్లో రెండో ప్రాణం అలాగే పోతుంది. తేలే వస్తువు ఏదైనా, ఖాళీ నీళ్ళ డబ్బా అయినా సరే, విసరాలి. జాలరులను పిలవాలి, 112కు ఫోను చేయాలి. తాగి నీళ్ళలోకి దిగేవాడితో మీ అబ్బాయిని అసలు వెళ్ళనివ్వకండి. ఇందులో మొహమాటం అక్కరలేదు.

నీళ్ళలో ఆడాలన్న కోరిక ఆ వయసులో సహజం. దానికి రుషికొండ ఉంది. 2020లో అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరం అది. స్నానానికి హద్దులు గుర్తించిన భాగం, లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. హద్దు లోపల, నడుము లోతులో, లైఫ్‌గార్డు కనుచూపులో ఆడుకోమనండి. ఆయన ఈల వేస్తే బయటికి రావాలి. అది అవమానం కాదని ముందే చెప్పి పంపండి.

ప్రశ్న: గోవాలో సముద్రంలో సూర్యాస్తమయం చూశాం. విశాఖలో అలాంటి దృశ్యం ఎక్కడ బాగుంటుంది?
– కె. వి., నిజామాబాద్

ఎక్కడా ఉండదు. మనది తూర్పు తీరం, సూర్యుడు కొండల వెనక్కి దిగుతాడు. సాయంత్రం ఒడ్డున నిలబడి నీటికి వీపు పెట్టి కొండల వైపు చూడండి, కాసేపటికి మళ్ళీ నీటి వైపు తిరగండి. సముద్రం గులాబీ రంగు నుంచి ఉక్కు రంగుకు మారడం కనిపిస్తుంది. నీటి మీద అస్తమయం కావాలంటే భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకు వెళ్ళి, పడమరగా నది వైపు చూడండి.

గోవాలో దొరకనిది మరొకటి ఇక్కడ ఉంది. పౌర్ణమి నాడు పొద్దు గుంకే సమయానికే చంద్రుడు సముద్రంలోంచి పైకి వస్తాడు. మొదట రాగి రంగులో, పెద్దగా, అంచు కాస్త నలిగినట్లు ఉంటాడు. తెన్నేటి పార్కు గట్టు మీద కూర్చుని చూడండి. మీ ప్రయాణం తేదీలు మీ చేతిలో ఉంటే పంచాంగం చూసి పౌర్ణమికి టిక్కెట్లు తీసుకోండి.

ప్రశ్న: మా మనవడికి ఓడలంటే పిచ్చి. ఓడలను దగ్గరగా చూసే చోటు ఉందా? రేవు లోపలికి పంపరట కదా!
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

మాస్టారూ, రేవు లోపలికి పంపరు. లోపలికి వెళ్ళనవసరమూ లేదు. పాతపట్నంలో రేవు ముఖద్వారం పక్కనే మూడు కొండలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు. చర్చి ఆవరణ నుంచి చూస్తే ఓడలు వచ్చే కాలువ సరిగ్గా కింద ఉంటుంది, దాని అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ గోడ.

ఓడ ఎలా వస్తుందో మనవడికి ముందే చెప్పి ఉంచండి. బయట సముద్రంలో లంగరు వేసుకున్న ఓడ వంతు వచ్చేదాకా ఎదురుచూస్తుంది. వంతు రాగానే రేవు పైలట్ చిన్న పడవలో వెళ్ళి, తాడు నిచ్చెన పట్టుకుని ఓడ పక్కగా ఎక్కుతాడు. ఆ తరువాత టగ్గులు, అంటే ఓడలను లాగే చిన్న పడవలు, ముందొకటి, వెనకొకటి చేరి ఓడను నిదానంగా ఇరుకు కాలువలోకి నడిపిస్తాయి. రాస్ హిల్ మీద నిలబడినవారికి ఓడ పైకప్పు మీద నడిచే మనుషులు కూడా కనిపిస్తారు. ఓడ కదులుతోందో కొండ కదులుతోందో తెలియనంత నెమ్మదిగా సాగుతుంది. ఏ గంటకు ఓడ వస్తుందో చెప్పలేం కనుక పిల్లవాడికి తినడానికి ఏదైనా పట్టుకెళ్ళి, రెండు గంటలు అక్కడే గడిపేలా వెళ్ళండి.

మీరు ఉపాధ్యాయులు కాబట్టి ఇది కూడా చెబుతారని రాస్తున్నాను. ఈ రేవులోకి మొదట వచ్చిన ఓడ ‘జలదుర్గ’, 1933 అక్టోబర్ 7న. ఇక్కడి నౌకా నిర్మాణ కేంద్రంలో కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చిలో నెహ్రూ జలప్రవేశం చేయించారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా కాలేదు అప్పటికి.

గుడి, దర్గా, చర్చి మూడూ ఒకే పూటలో చూసిరండి, దూరం తక్కువే. నౌకాదళం ఉన్న వైపు ఫొటోలు తీయవద్దన్న బోర్డులు కనిపిస్తే పాటించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఎప్పుడైనా ఆ రోజుల్లో వస్తే చేపల రేవుకు కూడా తీసుకెళ్ళండి. వందల పడవలు పక్కపక్కన ఒరుసుకుంటూ నిలిచి ఉంటాయి, వాటి మీద వలలు బాగుచేసుకునేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు.

ప్రశ్న: పెళ్ళికి ముందు ఫొటోల కోసం ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాలనుకుంటున్నాం. ఏ సమయం మంచిది? డ్రోన్ తీసుకెళ్ళవచ్చా?
– రాజమహేంద్రవరం జంట

మీ ఇద్దరికీ ముందుగా శుభాకాంక్షలు. డ్రోన్ వద్దు. పక్కనే నౌకాదళ స్థావరం ఉంది, ఆ చుట్టుపక్కల డ్రోన్లు ఎగరేయడం నిషేధం.

ఉదయం సూర్యుడు పైకి వచ్చిన గంటలోపు, లేదా సాయంత్రం పొద్దు వాలే ముందు వెళ్ళండి. ఏటవాలు వెలుగు పడినప్పుడే మడతలన్నీ తేలి, ఎరుపు నిప్పులా కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో అదే దిబ్బ చప్పగా ఉంటుంది.

ఇప్పుడు మీరు అడగని విషయం. ఆ దిబ్బలు మామూలు మట్టి కుప్పలు కావు. మంచుయుగంలో ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందకు దిగింది. బయటపడిన ఇసుకను గాలి లోపలికి మోసుకొచ్చి పోసింది. వేల ఏళ్ళలో ఆ ఇసుక రేణువుల చుట్టూ ఇనుప తుప్పు పొరలా పట్టి ఎర్రబడింది, వాన నీరు దాన్ని లోతైన గండ్లుగా కోసింది. కొన్నిచోట్ల యాభై మీటర్ల ఎత్తు వరకు ఉంటాయి. దక్షిణాసియాలో ఇలాంటి తీర ఎర్ర ఇసుకలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా ఈ స్థాయిలో లేవు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా ప్రకటించింది.

ఒకసారి గండి గోడను దగ్గరగా చూడండి. వేలితో తాకితే చాలు, రేణువులు జలజలా రాలతాయి. ఒక మనిషి అంచు మీద నిలబడితే రాలేది పిడికెడు కాదు, బుట్టెడు. రాలినదాన్ని తిరిగి పెట్టే దారి లేదు. ఫొటోల కోసం శిఖరాల మీదికి ఎక్కి దూకేవాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. గోడల మీద పేర్లు చెక్కేవాళ్ళను చూస్తే ఇంకా. మీరు కింద వాగు దారిలో నడవండి, అక్కడ ఇసుక మెత్తగా, చదునుగా ఉంటుంది. గోడలు రెండు వైపులా పైకి లేస్తాయి, మధ్యలో జీడిమామిడి చెట్లు అడ్డువస్తాయి. శిఖరం మీద నిలబడి తీసుకున్న ఫొటోలకన్నా ఆ దారిలో తీసుకున్నవే బాగుంటాయి, ఎందుకంటే దిబ్బల ఎత్తు తెలిసేది కింద నుంచే. రంగుల పొడులు, పొగ డబ్బాలు, మెరుపు కాగితాలు తీసుకెళ్ళకండి. మీ ఫొటోగ్రాఫర్ కొండెక్కమంటే వద్దని చెప్పండి.

ప్రశ్న: అక్టోబరులో గదులు చవకగా దొరుకుతున్నాయి. అప్పుడు రావచ్చా?
– పి. ఎల్., హైదరాబాద్

రావచ్చు, కానీ వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకుని బయలుదేరండి. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. కైలాసగిరి మీద చెట్లు కూకటివేళ్ళతో లేచిపోయాయి. ఇప్పుడు మీకు అక్కడ కనిపించే పచ్చదనంలో చాలా భాగం ఆ తరువాత మళ్ళీ పెంచినదే. అల్పపీడనం అన్న మాట వినిపిస్తే ప్రయాణం వాయిదా వేయండి, గది డబ్బులు పోతే పోనివ్వండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా అన్నిటికన్నా మంచి కాలం.

ప్రశ్న: రాత్రిపూట బీచ్‌లో నడిస్తే తాబేళ్ళు కనిపిస్తాయంటారు. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

నిజమే తల్లీ. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళతాయి. అటవీ శాఖవారు గుడ్లను సేకరించి రక్షిత స్థలాల్లో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతారు. రాత్రి టార్చిలు పట్టుకుని వెతకడం మాత్రం వద్దు. వెలుగు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్ళిపోతుంది. పిల్లలను వదిలే రోజుల్లో తెల్లవారుజామున ప్రజలను కూడా దగ్గరుండి చూడనిస్తారు. అటవీ శాఖ కార్యాలయంలో విచారించి మీ కళాశాల తరఫున వెళ్ళండి.

ప్రశ్న: మా నాన్నగారు యౌవనంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఇప్పుడు ఆయనకు ఎనభై. ఈ ఫిబ్రవరిలో అమెరికా నుంచి వచ్చి ఆయనను ఒక రోజు విశాఖ తీరానికి తీసుకెళ్ళాలని ఉంది. జనం తక్కువగా ఉండే, కూర్చుని మాట్లాడుకోగలిగే చోటు చెప్పండి.
– డల్లాస్‌లోని ఒక పాఠకురాలు

అమ్మా, ముందు విశ్వవిద్యాలయం ఆవరణలోకే తీసుకెళ్ళండి. ఆయన చదువుకున్న విభాగం, ఉన్న వసతి గృహం ఆయననే చూపించమనండి. ఆ మిట్ట మీద నుంచి సముద్రం వైపు దిగే రోడ్డు ఆయనకు తప్పక గుర్తుంటుంది. ఆర్.కే. బీచ్ ఆయన చూసిన నాటిలా ఉండదు. ఒడ్డు వెంట లేచిన భవనాలను చూసి ఆయన నొచ్చుకోవచ్చు. అక్కడ ఎక్కువసేపు ఆగకుండా నేరుగా భీమిలి బయలుదేరండి.

భీమిలి సుమారు పాతిక కిలోమీటర్లు. కారులో అయితే తీరం వెంటే వెళ్ళమని డ్రైవరుకు ముందే చెప్పండి, లేకపోతే జాతీయ రహదారి మీదుగా తీసుకెళతారు. బస్సులో వెళ్ళగలిగినవారికి 900కె ఉంది. సముద్రం కుడి వైపు ఉంటుంది, నాన్నగారిని ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.

మా ఊరిలో హడావుడి లేదు. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. డచ్చివారి సమాధుల తోటలో కొన్ని రాళ్ళ మీద అక్షరాలు ఇంకా చదవవచ్చు. ఇంత దూరం వచ్చి తిరిగి వెళ్ళలేకపోయిన మనుషులు వాళ్ళు. విదేశంలో ఉంటున్న మీకు ఆ చోటు ఏదో ఒకటి చెబుతుంది, ఐదు నిమిషాలైనా ఆగండి.

పావురాలకొండ ఎక్కడం ఎనభై ఏళ్ళ మనిషికి కష్టం. అక్కడి నుంచి గోస్తనీ సముద్రంలో కలిసే వంపు మొత్తం కనిపిస్తుంది. మీరు ఒక్కరే ఎక్కి చూసి వచ్చి ఆయనకు చెప్పండి. నాన్నగారికి మాత్రం నదీ ముఖం దగ్గర ఒడ్డు చాలు. బొర్రా గుహల్లోంచి వచ్చే ఆ గోస్తనీయే ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. నదీ నీరు, సముద్రపు నీరు రెండు రంగులుగా పక్కపక్కన కనిపిస్తాయి, వాటి మధ్య గీత పోటుకూ పాటుకూ అటూ ఇటూ జరుగుతుంది. సాయంత్రం మూడున్నరకు చేరండి. శని, ఆదివారాలు కాకుండా చూసుకోండి. మడత కుర్చీ ఒకటి, ఆయనకు శాలువా ఒకటి కారులో పెట్టుకోండి, ఫిబ్రవరి సాయంత్రాల్లో గాలి చల్లగా ఉంటుంది. చేపలు తినేవారయితే వంజరం గానీ చందువ గానీ ఆ పూట వచ్చినది అడిగి వేయించి ఇమ్మనండి. చీకటి పడ్డాక తీరం రోడ్డు మీద కొన్నిచోట్ల దీపాలు తక్కువ, కాబట్టి ఆరున్నరకు తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి.